కల్మా తర్వాత మాట

నా నోటి సంగతి తెనాలిలో మా వీధి వీధంతటికీ తెలుసు. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషికి కొలతలు తీసేలోపు ఆమె పుట్టింటి కబుర్లన్నీ లాగేస్తానని మా ఆయన ఫరూక్ వెక్కిరిస్తుంటాడు. నిజమే. ఊరికే కూర్చోమంటే నాకు ఊపిరాడదు. అలాంటి నన్ను ఆ రోజు రేపల్లెలో అమీనా ఖాలా మంచం వెనక నేల మీద కూర్చోబెట్టి, నోరు మెదపవద్దన్నారు.

ఖాలా అంటే పిన్ని అయినా, అమీనా ఖాలా నాకు రక్తసంబంధం కాదు. మా పుట్టింటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. మధ్యాహ్నం పూట వీధిలో ఆడపిల్లలందరినీ వసారాలో చాప మీద కూర్చోబెట్టి ఖురాన్ చదవడం నేర్పేది. ఆ పేటలో ఏ ముసల్మాను ఇంట్లో ఆడమనిషి పోయినా ఆఖరి స్నానం చేయించడానికి ఆమెకే కబురు వచ్చేది. దాన్ని మేము గుస్ల్ అంటాం. ఆ పని చేస్తుందని కొందరు ఆమె చేతి మంచినీళ్ళు తాగడానికి వెనకాడేవాళ్ళు. తమ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మాత్రం ఆమె గుమ్మంలోనే నిలబడేవాళ్ళు. ఖాలాకు వాళ్ళ మీద కోపం రాగా నేను చూడలేదు. ఆమెకు రావలసిన కోపమంతా నాకే వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

ఎంత ఎండాకాలమైనా ఖాలా మణికట్టు దాకా చేతులు, మెడ దాకా గుండీలు ఉన్న జాకెట్టే వేసుకునేది. రోళ్ళు పగిలే ఎండలో కూడా అంతే. చిన్నప్పుడు ఒళ్ళు కాలిందని ఒకరు, మొగుడు వాతలు పెట్టాడని ఒకరు, బొల్లి అని ఒకరు. చాప మీద పిల్లలం మేమూ గుసగుసలాడేవాళ్ళం. అందరిలోకీ నోరున్నదాన్ని గనక అడిగేసింది నేనే.

"ఖాలా, మీకు చెమట పట్టదా? ఆ చేతుల కింద ఏముంది?"

"ఆ జాకెట్టుకు తెలుసులేవే. నీకెందుకు? పేజీ తిప్పు" అంది నవ్వుతూ.

తర్వాత కుట్టుపని నేర్చుకున్నాక ఆమె జాకెట్లన్నీ నేనే కుట్టాను. ఒక్కసారి కూడా ఒంటికి టేపు పెట్టనివ్వలేదు. పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇచ్చేది. ఏళ్ళ తరబడి ఆ ఆది జాకెట్టుతోనే నెట్టుకొచ్చాను.

మా అమ్మ పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. స్నానం చేయిస్తున్న చోటికి పిల్లను రానివ్వకూడదని పెద్దవాళ్ళు నన్ను రెక్క పట్టుకుని ఆపారు. ఖాలా పరదా పక్కకు తీసి, "రానివ్వండి, దాని అమ్మే కదా" అంది. నా చేతికి చెంబు ఇచ్చింది. నేను బిగుసుకుపోయి నిలబడ్డాను.

"మాట్లాడవే కౌసర్. అమ్మకు ఏం చెప్పాలనుందో నీళ్ళు పోస్తూ చెప్పు" అని, నాకు రాకపోతే తనే మొదలుపెట్టింది. "జులేఖా, నీ కూతురు నీళ్ళు పోస్తోంది. చన్నీళ్ళు కాదులే, కాచినవే. ఇదుగో, కుడిచెయ్యి ఎత్తుతున్నాను."

బతికున్న మనిషితో అన్నట్టే అంది. అప్పుడు నాకు నోరు వచ్చింది. అమ్మ ఆకుపచ్చ చీర బీరువాలోంచి తీసి నా పుస్తకాల కింద దాచుకున్నానని చెప్పాను. నాన్న ఇంకా అన్నం తినలేదని చెప్పాను. ఆ రోజు అమ్మతో మాట్లాడనివ్వకపోయి ఉంటే నేను ఏమైపోయేదాన్నో నాకు తెలియదు.

అప్పటి నుంచి నేను ఖాలా కొంగు వదల్లేదు. పెళ్ళై తెనాలి వచ్చాక కూడా కబురు వస్తే మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి రేపల్లె బండెక్కేదాన్ని. రేగాకు వేసి నీళ్ళు మరగబెట్టడం, కర్పూరం పొడి చెయ్యడం, చెంబులు అందించడం నా పని. దుప్పటి కింద చెయ్యి పెట్టి ఒళ్ళు కడగడం మాత్రం ఆమె చేసేది. అది నన్ను ముట్టనివ్వలేదు.

ఒకసారి భట్టిప్రోలులో ఒక పెద్దావిడకు స్నానం చేయించి బయటికి వస్తున్నాం. వాకిట్లో ఎవరో, "బాగా చిక్కిపోయిందా పాపం?" అని అడిగారు. నేను నోరు తెరిచాను. ఖాలా మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది. బస్సెక్కాక ఆ చెయ్యి చూపించి దెబ్బలాడాను.

"చిక్కిపోయింది అంటే తప్పేంటి ఖాలా? అందరూ చూసిందేగా?"

"చెప్పమని ఆమె నీకు చెప్పిందా?"

"పోయిన మనిషి ఎలా చెబుతుంది?"

"మరి అందుకే. పోయినవాళ్ళతో ఎంతైనా మాట్లాడు, వాళ్ళ గురించి మాట్లాడకు. మొహం బాగుంటే బాగుందని చెప్పు. మిగతాదంతా ఆ నీళ్ళతో పాటు కాలవలోకి పోవాలి" అని కిటికీ వైపు తిరిగింది.

ఊరి కబుర్లన్నీ మోసే నా నోటికి ఆ ఒక్క మాట తాళం వేసింది. కొలతలు తీసేటప్పుడు ఎందరో ఆడవాళ్ళ ఒంటి మీద కమిలిన చోట్లు నా కంటపడ్డాయి. అవి ఫరూక్‌తో కూడా అనలేదు. ఆ సంగతి ఖాలాకు తెలియదు. చెప్పుకుంటే అది కూడా వాగుడే అవుతుందని చెప్పలేదు. ఆమె మాత్రం నా వాగుడు చూసే నన్ను అంచనా కట్టింది. నేనొక్కదాన్నీ స్నానం చేయించడానికి ఇజాజత్ ఇమ్మని, అంటే ఉస్తాదుగా అనుమతి ఇమ్మని, ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"ఇంకా కాదే."

"ఎందుకు కాదు?"

"నీ నోరు ఇంకా ఆగడం లేదు."

మా వీధిలో ఆ మధ్య ఒకావిడ పోతే, స్నానం చేయించే మనిషి పక్క ఊరి నుంచి వచ్చేదాకా ఆ ఇంటివాళ్ళు ఎదురుచూస్తూ కూర్చున్నారు. "నీకు వచ్చుగా, నువ్వు చెయ్యవే" అని అందరూ నా మీద పడ్డారు. ఖాలా మాట లేకుండా చెయ్యనని మొండికేశాను. పైకి అలా అన్నాను గానీ ఆ రాత్రంతా నాకు ఆమె మీద ఒళ్ళు మండిపోయింది.

రెండువేల ఆరులో రంజాన్ పండగ వెళ్ళిన వారమే తుఫాను పట్టుకుంది. వాన కాస్త తెరిపి ఇచ్చిన రోజు పొద్దున్నే, నన్ను ఆపా అని, అంటే అక్కా అని పిలిచే ఖాలా కొడుకు జానీ ఫోన్ చేశాడు.

"ఆపా, అమ్మీకి నాలుగు రోజులుగా బాగోలేదు. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపోమన్నాడు. తొందరగా రా."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డుకు రెండువైపులా కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడుకుని ఉన్నాయి. రేపల్లె చేరేదాకా ఖాలాతో ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ముందు కాళ్ళు పట్టుకోవాలి. నన్ను మనిషిని చేసింది మీరేనని చెప్పాలి. ఆ తర్వాత, ఈసారైనా ఇజాజత్ ఇవ్వమని అడగాలి. ఊ అంటే చాలు, తల ఊపినా చాలు అనుకున్నాను. ఆమె పోతుందన్న దుఃఖంలో కూడా నా లెక్క నాకుంది.

వాకిట్లో జానీ ఎదురొచ్చి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"కల్మా చదివింది ఆపా, ఇప్పుడే. ఇంక ఎవ్వరూ పలకరించొద్దు."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మనిషి పోయేముందు ఆఖరి మాట కల్మా, అంటే అల్లా తప్ప వేరే దేవుడు లేడనే మాట, కావాలని మా వాళ్ళు కోరుకుంటారు. అందుకని పక్కన కూర్చుని మెల్లగా వినబడేలా చదువుతారు, చదవమని బలవంతపెట్టరు. ఆ మనిషి ఒకసారి కల్మా పలికిందా, ఇక అందరూ నోళ్ళు మూసుకుంటారు. మళ్ళీ వేరే మాట మాట్లాడిస్తే అదే ఆఖరి మాటైపోతుందని భయం.

ఆ పొరపాటు అప్పటికే జరిగిపోయింది. వసారాలో ఖాలా తమ్ముడు బాబూలాల్ మామూ తల మోకాళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. బాపట్లలో గాజుల కొట్టు ఆయనది. పిట్టలవానిపాలెం దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చినా లెక్కచెయ్యకుండా తెల్లవారేసరికి వచ్చాడు. అప్పటికి ఖాలా కల్మా చదివి ప్రశాంతంగా పడుకుని ఉందట. ఈయన తిన్నగా లోపలికి పోయి, "అక్కా, నేనక్కా బాబుని, గుర్తుపట్టావా?" అని మీద పడి ఏడ్చాడు. ఖాలా కళ్ళు తెరిచి, "బాబూ, ఏమన్నా తిన్నావా?" అంది. అక్కడితో ఆగలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంది. వసారాలో చాప తడుస్తోంది, తియ్యమంది. ఎప్పుడో పోయిన మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. కోడలు ఖతీజా తల దగ్గర కూర్చుని కల్మా చదివి చదివి గొంతు పోగొట్టుకుంటే, ఇప్పటికి మళ్ళీ పెదవులు కదిపి పలికిందట.

"ఇంకోసారి పలికే ఓపిక లేదు ఆపా ఆమెకి" అన్నాడు జానీ. "నిన్ను చూస్తే మాట్లాడుతుంది. నీతో మాట్లాడకుండా ఎప్పుడుంది?"

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మామూ మీద, జానీ మీద, ఆ తుఫాను మీద. ఒక్క బస్సు ముందు వచ్చి ఉంటే ఆ మాటలేవో నాతోనే మాట్లాడేది కదా. ఒక్క మాటకు అల్లా ఏమంటాడని గొంతు దాకా వచ్చింది. కానీ ఈ నియమం నాకు నేర్పింది ఎవరు? మంచాల పక్కన నన్ను కూర్చోబెట్టుకుని ఖాలాయే కదా. "ఆఖరి మాట ఆ మనిషి వెంట తీసుకెళ్ళే మూటే. దాని మీద మన సామాను పెట్టకూడదు" అనేది. నేను తెనాలి నుంచి తెచ్చిందంతా నా సామానే.

చెప్పులు విడిచి తలవైపు నుంచి లోపలికి వెళ్ళాను. నవారు మంచాన్ని తిప్పి వేశారు, ఆమె మొహం మక్కా ఉన్న పడమటి వైపు ఉండేలా. మంచం వెనక, ఆమె కంటికి ఆననిచోట నేల మీద కూర్చున్నాను. నాకు ఆమె నుదురు, తెల్లజుట్టు పాయ మాత్రమే కనిపిస్తున్నాయి. నేను కుట్టిన పొడుగు చేతుల జాకెట్టే ఒంటి మీద ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది. ఖతీజా దూది తడిపి పెదవులకు అద్దుతోంది. పెంకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. చెప్పాలనుకున్నవన్నీ లోపల ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేనొచ్చాను ఖాలా. నేను కౌసర్‌ని. వెనకే ఉన్నాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు ఆమె కుడిచెయ్యి లేచింది. తల మీదుగా వెనక్కి, మంచం పట్టె దాకా వచ్చింది. వేళ్ళు గాలిలో దేనికోసమో తడుముతున్నాయి. నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. నేను వచ్చానని తెలిసిందో, ఊరికే తడిమిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చెయ్యి పట్టుకుంటే మాత్రం ఏం జరుగుతుందో బాగా తెలుసు. కళ్ళు మూసుకుని ఉన్నా నా వేళ్ళ మీద సూది పోట్లకు గట్టిపడిన చోట్లు తడిమి, "వచ్చావుటే? ఇంత ఆలస్యమా?" అంటుంది. ఎప్పుడు వెళ్ళినా అదే మాట.

ఆ ఒక్క మాట కోసం నా ప్రాణం కొట్టుకుపోయింది. నేను చెయ్యి చాపలేదు. ఇంకాస్త వెనక్కి, గోడకు ఆనుకునేదాకా జరిగాను.

ఖతీజా ఆ చేతిని నెమ్మదిగా దించి, జపమాల వేళ్ళ మధ్య పెట్టి, గుండె మీద ఉంచింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఆగేదాన్ని కాదు.

మధ్యాహ్నం నమాజుకు అజాన్ వినబడుతుండగా గొంతులో చప్పుడు ఆగిపోయింది. జానీ ఆమె కనురెప్పలు మూశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఇల్లంతా ఒక్కసారి ఏడ్చింది. కల్మాయే ఆఖరి మాట అయ్యిందని అందరూ అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. నేను కూడా చెప్పుకున్నాను. చెబుతూనే, నాకు ఏమీ మిగలకుండా పోయిందని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

మసీదు నుంచి స్నానపు బల్ల తెచ్చి పెరట్లో రేకుల కింద వేశారు. చుట్టూ చీరలు కట్టారు. మళ్ళీ వాన మొదలయ్యేలోపు అయిపోవాలని మగవాళ్ళు తొందరపడుతున్నారు. అక్కడికి వచ్చాక గానీ ఎవరికీ తట్టలేదు, ఊళ్ళో అందరికీ స్నానం చేయించిన మనిషికి చేయించేవాళ్ళు ఎవరని. అందరూ నా వైపు చూశారు.

"నాకు ఇజాజత్ లేదు" అన్నాను. ఖతీజాను పక్కకు తీసుకెళ్ళి అడిగాను. "ఖతీజా, ఈ నాలుగు రోజుల్లో ఖాలా నా గురించి ఏమన్నా అన్నారా? దాన్ని చెయ్యమనండి అనో, ఏదో ఒకటి?"

అన్నారని ఖతీజా ఒక్క అబద్ధం ఆడితే అయిపోయేది.

"లేదు ఆపా. నీ పేరు ఎత్తలేదు" అంది.

అవతల నీళ్ళు మరుగుతున్నాయి, రేగాకు వాసన వస్తోంది. ఖాలా ఆ బల్ల మీద పడుకుని ఉంది. నేను కొంగు బిగించి లోపలికి వెళ్ళాను.

మెడ నుంచి పాదాల దాకా దుప్పటి కప్పాను, ఆమె అందరికీ కప్పినట్టే. చెంబులు అందించడానికి ఖతీజా వచ్చి గోడ వైపు తిరిగి నిలబడింది. "అమ్మీ ఒళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు?" అంది.

మొదటి చెంబు చేతిలోకి తీసుకున్నాక తట్టింది నాకు. ఇప్పుడు ఎంత మాట్లాడినా ఫరవాలేదు. ఆమె మూట ఆమె వెంట వెళ్ళిపోయింది. ఇంక దాన్ని చెడగొట్టే శక్తి నా నోటికి లేదు.

"ఖాలా, నేనే, కౌసర్‌ని" అన్నాను. "వచ్చాను. పొద్దున్నే వచ్చాను. మీ వెనకే కూర్చున్నాను. మీరు చెయ్యి చాపితే పట్టుకోలేదు. పట్టుకుంటే మాట్లాడేస్తారని పట్టుకోలేదు. కోపం తెచ్చుకోకండి. నీళ్ళు చన్నీళ్ళు కావు, కాచినవే. తుఫాను వచ్చింది ఖాలా, చేలన్నీ పడిపోయినై. మా అమ్మతో నన్ను మాట్లాడనిచ్చింది మీరొక్కరే. అది చెబుదామనే వచ్చాను."

ఖతీజా గోడ వైపు తిరిగే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు నేను చెయ్యనా? మీరు చెయ్యమంటేనే చేస్తాను" అన్నాను.

అని, ఎప్పటి అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగాను. ఇంకా కాదే అంటుందేమోనని కూడా అనిపించింది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. అంతకుమించి ఏమీ వినబడలేదు. ఇక ఎంతసేపు నిలబడినా ఏమీ వినబడదని నాకు అర్థమైనప్పుడు, అప్పుడు పోయింది నాకు ఖాలా.

కత్తెర తీసుకున్నాను. జాకెట్టు విప్పడానికి చేతులు వంగవు, కోయాలి. నేను వేసిన కుట్టు వెంబడే, మణికట్టు దగ్గర మొదలుపెట్టి భుజం దాకా దుప్పటి కిందే కోసుకుంటూ వెళ్ళాను. "చెయ్యి ఎత్తుతున్నాను ఖాలా. నొప్పి పుట్టదులే" అంటూ గుడ్డ తొలగించాను.

చూశాను.

తర్వాత కుడివైపు కడిగాను. ఎడమవైపు కడిగాను. కర్పూరం నీళ్ళు పోశాను. జుట్టు చిక్కు తీసి జడలల్లి గుండె మీద వేశాను. ఆ కాసేపట్లో నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఆమెతో అన్నవే.

కఫన్ గుడ్డ చుట్టి బయటికి వచ్చేసరికి ఆడవాళ్ళు చుట్టుముట్టారు. ఎన్నో ఏళ్ళుగా గుసగుసలాడుకున్నవాళ్ళే. ఒకామె నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "ఏంటే, ఆ చేతుల కింద ఏముందే?" అంది. వాళ్ళను తోసుకుంటూ బాబూలాల్ మామూ వచ్చాడు. ముసలాయన గడ్డమంతా తడిసి ఉంది.

"అక్క మొహం ఎలా ఉందమ్మా? నా మీద కోపంగా ఏమన్నా..."

"మొహం బాగుంది మామూ" అన్నాను. "చాలా బాగుంది."

ఆయన నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. పొద్దున ఆయన మీద వచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది.

పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకు ముందే ఖబరస్తానుకు తీసుకెళ్ళారు. గోతిలో ఊరుతున్న నీళ్ళు తోడిపోసి దించారని జానీ చెప్పాడు. మర్నాడు తెనాలి వచ్చాను. ఆ నెలలోనే మా వీధిలో ఒకావిడ పోతే కబురు వచ్చింది. వెళ్ళాను. ఇజాజత్ ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ఎవరూ ఇవ్వలేదు. చెంబు ఎత్తిన ప్రతిసారీ ఇప్పటికీ కాసేపు ఆగుతాను.

ఫరూక్ ఒకటికి నాలుగుసార్లు అడిగాడు, ఖాలా సంగతి. జానీ పెళ్ళాం ఖతీజా కూడా ఏడాది తర్వాత మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ అడిగింది. ఆమెకూ అదే చెప్పాను. ఇంత వాగుడుకాయ ఇక్కడిదాకా అన్నీ చెప్పింది గదా, అదొక్కటీ చెప్పకపోతుందా అని మీరూ ఎదురుచూస్తుంటారు.

మొహం బాగుంది.